‘మీ వాడకం వల్లే పోయింది’: లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌ల గొడవలో ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఎండలు ముదిరేసరికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో చిప్ లెవెల్ సర్వీస్ (బోర్డు మీది చిప్‌లను విడిగా బాగుచేయడం) చేసే షాపులకు ‘నో డిస్‌ప్లే’ లాప్‌టాప్‌ల తాకిడి పెరుగుతుంది. పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. తెరకు బొమ్మను అందించే గ్రాఫిక్స్ చిప్ పాడైతే ఇలా అవుతుంది. వాటితో పాటే పాత వాదన కూడా మళ్లీ లేస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో “హీట్‌కి పోయింది, పరుపు మీద పెట్టి వాడుంటారు, మదర్‌బోర్డు మొత్తం మార్చాలి” అంటారు. బయట షాపతను “రీబాలింగ్ చేస్తే వచ్చేస్తుందన్నా” అంటాడు. అంటే చిప్ ఊడదీసి, దాని కింది టంకపు బంతులు మార్చి మళ్లీ అతికించడం. లాప్‌టాప్ మీద వేలకు వేలు పోసిన మనిషి టెన్షన్‌తో ఇద్దరి మధ్యా తిరుగుతాడు. ఈ రెండు మాటలూ ఎక్కడివో తెలియాలంటే 2008 జులై 2 దగ్గరికి వెళ్లాలి.

ఆ రోజు గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఒక ప్రకటన ఇచ్చింది. తమ పాత తరం గ్రాఫిక్స్ చిప్‌లు, చిప్‌సెట్‌లు (మదర్‌బోర్డు మీది మిగతా భాగాలను కలిపి నడిపే చిప్‌లు) కొన్ని లాప్‌టాప్‌లలో మామూలు కంటే ఎక్కువగా పాడవుతున్నాయని, వాటి వారంటీ, రిపేరు ఖర్చుల కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు లెక్కలో చూపిస్తున్నామని అందులో ఉంది. మర్నాడు షేరు దాదాపు 30 శాతం పడిపోయింది. డబ్బు కంటే ముఖ్యం, ఆ ప్రకటనలోని ఒక వాక్యం. అసలు కారణం ఇంకా తేల్చలేకపోయామంటూనే మూడింటిని దోహదం చేసిన అంశాలుగా చెప్పారు: చిప్, దాని ప్యాకేజీ కలయికలో వాడిన పదార్థాల బలహీనత, లాప్‌టాప్ కంపెనీల కూలింగ్ డిజైన్, కస్టమర్లు వాడే తీరు.

ఆ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి. పదార్థం బలహీనమని తామే రాసి, అదే వాక్యంలో కొన్నవాడి వాడకాన్ని కూడా చేర్చారు. ఈ రోజు సర్వీస్ సెంటర్‌లో వినిపించే మాట, నా దృష్టిలో, దీనికి తమ్ముడే.

ఇంతకీ చిప్ లోపల ఏం జరిగింది? సిలికాన్ ముక్క నేరుగా మదర్‌బోర్డు మీద కూర్చోదు. ముందు ఒక చిన్న ఆకుపచ్చ పలక మీద కూర్చుంటుంది. ఈ రెండింటినీ కలిపేవి కంటికి ఆనని టంకపు బొడిపెలు. వీటిని బంప్స్ అంటారు. ఆ పలక కింద పెద్ద బంతుల్లాంటివి ఉంటాయి, అవి మదర్‌బోర్డుకు అతుక్కుంటాయి. వేడెక్కినప్పుడు పలక సిలికాన్ కంటే సుమారు 6 రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. చల్లారితే అంతే ఎక్కువగా ముడుచుకుంటుంది. మధ్యలో నలిగేది బంప్సే. వాటి చుట్టూ నింపే అండర్‌ఫిల్ అనే జిగురు గట్టిగా పట్టి ఉంచితే ఆ ఒత్తిడి అంతటా సర్దుకుంటుంది. లాప్‌టాప్ మామూలుగా చేరే వేడికే ఆ జిగురు మెత్తబడితే భారమంతా బంప్స్ మీద పడుతుంది. పొద్దున ఆన్, మధ్యాహ్నం స్లీప్, సాయంత్రం గేమ్, రాత్రి ఆఫ్. ఇలా రోజూ ఎక్కి దిగే వేడికి ఏడాదికో రెండేళ్లకో ఒక బంప్ పగుళ్లిస్తుంది. తెర మీద గీతలు, పిచ్చి అక్షరాలు, ఆ తర్వాత నలుపు.

ఇదే వాదనను ఆ ఏడాది ది ఇంక్వైరర్ వెబ్‌సైట్‌లో చార్లీ డెమెర్జియన్ వరసగా రాశారు. ఎన్విడియా బంప్స్‌కి సీసం ఎక్కువగా ఉండే టంకం వాడిందని, అది గట్టిదే కానీ ఇలాంటి సాగుడు-ముడుపులకు త్వరగా అలసిపోతుందని, దానికి జతగా ఎంచుకున్న అండర్‌ఫిల్ సరిపోలేదని ఆయన చెప్పింది. ఎన్విడియా జీ84, జీ86 రకం గ్రాఫిక్స్ చిప్‌లన్నీ ఇంతేనన్నారు. కొన్ని మాత్రమేనని, కొత్తగా తయారయ్యేవాటిలో మెరుగైన పదార్థాలు వాడుతున్నామని కంపెనీ జవాబు.

నిజానికి గొడవ బయటపడింది అంతకు ముందే. 2007 నవంబరులోనే హెచ్‌పీ తన పెవిలియన్ డీవీ2000, డీవీ6000, డీవీ9000, కాంపాక్ వీ3000, వీ6000 వరసల్లో కొన్ని మోడళ్లకు వారంటీ పెంచింది. వాటిలో చాలావాటికి ముందు వైఫై మాయమయ్యేది. చిప్‌సెట్టే చచ్చిపోతోందని తెలియక జనం వైఫై కార్డు మార్చుకున్నారు. డెల్ 2008 వేసవిలో మోడళ్ల జాబితా ఇచ్చి బయోస్ (మదర్‌బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ విడుదల చేసింది. ఫ్యాన్ ముందుగా, ఎక్కువసేపు తిరిగి వేడి ఎగుడుదిగుళ్లను తగ్గించడం దాని పని. పగుళ్లను అది పూడ్చదు. వారంటీ దాటేదాకా చావును వాయిదా వేయడమేనని వాడకందార్లు మండిపడ్డారు. ఆ తర్వాత డెల్ ఆ మోడళ్ల గ్రాఫిక్స్ సమస్యకు ఏడాది అదనపు వారంటీ ఇచ్చింది.

ఆపిల్ సంగతి ఇంకా స్పష్టం. మీ కంప్యూటర్లకు ఈ సమస్య లేదని ఎన్విడియా తమకు హామీ ఇచ్చిందని, తాము సొంతంగా పరిశీలిస్తే ఎన్విడియా జీఫోర్స్ 8600ఎం జీటీ గ్రాఫిక్స్ చిప్ ఉన్న కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలకు ఉందని తేలిందని 2008 అక్టోబరులో రాతపూర్వకంగా ప్రకటించింది. కొన్న తేదీ నుంచి 2 ఏళ్లు ఉచిత రిపేరు అంది. తర్వాత ఆ గడువును పెంచుతూ పోయింది.

అమెరికాలో కేసులన్నీ కలిపి కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో విచారించారు. 2010 డిసెంబరులో సెటిల్‌మెంట్‌కు తుది ఆమోదం వచ్చింది. డెల్, ఆపిల్ వాళ్లకు ఉచిత రిపేరు. హెచ్‌పీ వాళ్లకు బదులు లాప్‌టాప్, కానీ ఇచ్చింది చవక రకం కాంపాక్ సీక్యూ56. వెయ్యి డాలర్లు పోసి కొన్నవాళ్లు అభ్యంతరం చెప్పినా చివరికి ఆ మోడలే ఖాయమైంది. ఎన్విడియా ఈ సమస్యకు చూపించిన మొత్తం ఖర్చు 40 కోట్ల డాలర్లు దాటింది. సెటిల్‌మెంట్ వర్తించింది మాత్రం అమెరికాలో కొన్నవారికే. అదే చిప్‌తో ఇక్కడ కొన్నవాళ్లకు అందులో చోటు లేదు.

మనకు మిగిలింది వేడిగాలితో చిప్ ఊడదీసే హీట్ గన్. రీబాలింగ్ ఇక్కడే పాతుకుపోయింది. 2006 జులై నుంచి యూరప్‌లో సీసం లేని టంకం తప్పనిసరైంది కాబట్టి ఆ టంకమే పగులుతోందని చాలామంది నమ్మారు. రీబాలింగ్‌లో చిప్ ఊడదీసి కింది పెద్ద బంతుల్ని మారుస్తారు. చెడింది పైనున్న బంప్స్ అయితే ఆ బంతులు మార్చి ప్రయోజనం ఏముంది? సీసం లేని టంకం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. 95 పాళ్లు సీసం ఉన్న టంకం కరగాలంటే 300 దాటాలి. అంటే కింది బంతులు కరిగే వేడికి పైనున్న బంప్స్ కరిగి మళ్లీ అతుక్కోవు. అయినా రీబాలింగ్ తర్వాత డిస్‌ప్లే వస్తుంది. ఆ వేడికి లోపలి పగులు అంచులు మళ్లీ తాకుతాయి గనక వస్తుంది. నా పాత లాప్‌టాప్‌కు రెండుసార్లు చేయించాను. మొదటిసారి మూడు నెలలు, రెండోసారి మూడు వారాలు. చేసినాయన మోసగాడు కాదు, చాలా శ్రద్ధగా చేశాడు. ఆయన బాగుచేసిన చోట జబ్బు లేదు, అంతే.

పనికొచ్చేది చిప్ మార్చడమే, అదీ మెరుగైన పదార్థాలతో వచ్చిన చిప్ అయితేనే. అందుకే తెలిసిన టెక్నీషియన్లు చిప్ ఎప్పుడు తయారైందో చెప్పే, దాని మీది నాలుగంకెల డేట్ కోడ్ చూస్తారు. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం.

ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. 2011 మ్యాక్‌బుక్ ప్రోల్లో మరో కంపెనీ ఏఎండీ తయారుచేసిన రేడియాన్ గ్రాఫిక్స్ చిప్‌లు ఉండేవి. వాటికీ గీతలే, నలుపే. 2014 అక్టోబరులో కొన్నవాళ్లు కోర్టుకెక్కాక, 2015 ఫిబ్రవరిలో ఆపిల్ ఉచిత రిపేరు ప్రకటించింది. ఆ కార్యక్రమం అమెరికాలో మొదలైన వారానికే మిగతా దేశాలకూ వచ్చింది. తలచుకుంటే అమెరికా బయటి వాళ్లకూ ఇవ్వవచ్చని దాంతో తేలింది.

మన దగ్గర 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసింది. అది మొదట ఎంచుకున్న రంగాలు వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-టాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. లాప్‌టాప్ పేరు విడిగా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం తయారీ లోపానికీ డిజైన్ లోపానికీ తయారీదారుణ్ణి బాధ్యుణ్ణి చేస్తుంది. ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువు, అదీ వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి. వారంటీ ముగిశాక పోయిన చిప్ విషయంలో ఆ కారణం ఏ రోజు పుట్టిందన్నదే తగాదా అవుతుంది.

ఆ తగాదాలో మొదట బయటికి వచ్చే కాగితం సర్వీస్ సెంటర్ జాబ్‌షీట్. ‘నో డిస్‌ప్లే, జీపీయూ ఫెయిల్యూర్’ (గ్రాఫిక్స్ చిప్ పోయింది) అని రాస్తే ఒక లెక్క, ‘ఓవర్‌హీటింగ్, కస్టమర్ యూసేజ్’ అని రాస్తే ఇంకో లెక్క. మన సంతకం ఆ రాత కిందే ఉంటుంది.