ముందు లెక్క లేని సముద్రం: ప్రిన్స్ విలియం సౌండ్ నేపథ్యం

1989 మార్చి 24, అర్ధరాత్రి దాటి 4 నిమిషాలు. ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ట్యాంకర్ అలాస్కా తీరంలో ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలోని బ్లై రీఫ్ అనే రాతిదిబ్బ మీదకు ఎక్కింది. 4 కోట్ల లీటర్లకు పైగా ముడి చమురు సముద్రంలో కలిసింది. ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు ఆ ఓడ రోజూ వెళ్లే దారి వదిలి అటు ఎందుకు వెళ్లిందన్నది మాత్రం తక్కువగా చెప్పుకుంటారు. కొలంబియా హిమనదం నుంచి విరిగిపడ్డ మంచుగడ్డలు దారికి అడ్డంగా తేలుతున్నాయి. వాటిని తప్పించుకోవడానికి ఓడను పక్కకు మళ్లించారు. తిరిగి దారిలోకి రావాల్సిన చోట రాలేదు.

ఆ మంచుగడ్డల గురించి శాస్త్రవేత్తలు ముందే చెప్పి ఉన్నారు. ట్యాంకర్ల దారికి దగ్గరగా ఉందన్న కారణంతోనే అమెరికా భూగర్భ సర్వే 1970లలో కొలంబియా హిమనదాన్ని కొలిచింది. ఇది త్వరలో వేగంగా వెనక్కి తగ్గుతుందని, విరిగిపడే మంచు బాగా పెరుగుతుందని 1980లో తేల్చి చెప్పింది. అలాగే జరిగింది. రెండు వందల ఏళ్లు దాదాపు ఒకేచోట నిలిచిన ఆ హిమనదం, ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో 20 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది.

మంచు లెక్క ఉంది. కానీ చమురు ఒలికిన మర్నాడు అందరూ అడిగిన ప్రశ్న వేరు. ఇక్కడ నిన్నటిదాకా ఎన్ని పక్షులు ఉండేవి? ఎన్ని చేపలు? ఎన్ని సీల్స్? చాలావాటికి సరైన జవాబు లేదు. ఉత్తర తీరాల్లో ఈనాడు ఏటేటా జరిగే జంతువుల లెక్కింపు, చేపల సర్వేలు, నీటి పరీక్షలు ఎందుకు మొదలయ్యాయో తెలియాలంటే ఆ లేని జవాబు దగ్గర్నుంచే చూడాలి. అయితే ఈ తీరం కథ చమురుతో మొదలవలేదు.

ప్రిన్స్ విలియం సౌండ్ అలాస్కా దక్షిణ తీరంలో ఉంది. మూడు వైపులా చుగాచ్ పర్వతాలు, సముద్రం వైపు అడ్డుగోడల్లా మాంటేగ్యూ, హించిన్‌బ్రూక్ దీవులు. తూర్పున కాపర్ నది డెల్టా. 1964 మార్చి 27న, సాయంత్రం 5 గంటల 36 నిమిషాలకు ఈ ప్రాంతం కిందే భూమి కదిలింది. నాలుగున్నర నిమిషాల పాటు ఊగింది. తీవ్రత 9.2. ఉత్తర అమెరికాలో పరికరాలకు అందిన భూకంపాల్లో ఇదే అతిపెద్దది. భూకంపం, దాంతో వచ్చిన సునామీ కలిసి 130 మందికి పైగా ప్రాణాలు తీశాయి. చెనేగా అనే చిన్న ఆదివాసీ పల్లెలో మూడో వంతు జనం ఆ అలల్లో కొట్టుకుపోయారు.

ఆ తర్వాత భూమి ఎక్కడ ఎంత లేచిందో, ఎక్కడ ఎంత కుంగిందో తేల్చడానికి జార్జ్ ప్లాఫ్కర్ అనే భూగర్భ శాస్త్రవేత్త వచ్చారు. ఆ మారుమూల తీరంలో పాత కొలతలు దాదాపు లేవు. ఆయనకు దారి చూపించింది బార్నకిల్స్. ఇవి బండలకు సిమెంటు పెట్టినట్టు అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు. పోటు నీళ్లు తగలని చోట బతకలేవు కాబట్టి బండ మీద ఒక ఎత్తు దాటి పైకి పెరగవు. దూరం నుంచి చూస్తే గోడకు సున్నంతో గీత గీసినట్టు ఒక తెల్లటి పట్టీ కనిపిస్తుంది. భూకంపం తర్వాత ఆ పట్టీ నీళ్లకు ఎంతో ఎత్తున, ఎండిపోయి, చచ్చిన గుల్లలతో మిగిలింది. పాత గీతకీ కొత్త నీటిమట్టానికీ మధ్య దూరం ఎంతో, అక్కడ నేల అంత లేచినట్టు. పడవల మీద, చిన్న విమానాల్లో తీరమంతా తిరుగుతూ ప్లాఫ్కర్ ఈ గీతల్ని కొలిచారు. మాంటేగ్యూ దీవి దగ్గర నేల 11 మీటర్ల దాకా లేచింది. కోడియాక్ దీవి వైపు 2 మీటర్ల దాకా కుంగింది. ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఒకటే అర్థం వచ్చింది: సముద్రపు నేల ఖండం కిందకు దూరిపోతోంది. భూమి పైపొర పలకలుగా కదులుతుందన్న సిద్ధాంతం మీద ఇంకా వాదాలు నడుస్తున్న రోజులవి. ఆ సిద్ధాంతానికి దొరికిన గట్టి ఆధారాల్లో ఇదొకటి. చచ్చిన గుల్లల గీత నుంచి అంత పెద్ద విషయం బయటపడటం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

కాపర్ నది డెల్టాలో నేల సుమారు 2 నుంచి 3 మీటర్లు లేచింది. కాగితం మీద చిన్న అంకెలా ఉంటుంది గానీ, పోటుకు మునిగి తేలే బురదనేలకు అది చావుబతుకుల తేడా. ఉప్పునీళ్లు రావడం ఆగిపోయింది. గడ్డి ఉన్న చోట విల్లో, ఆల్డర్ పొదలు లేచాయి. డస్కీ కెనడా బాతులనే పెద్దబాతులు గూళ్లు పెట్టే చోటు ఇదే. గడ్డిమైదానంలో దూరం నుంచే శత్రువును చూసి జాగ్రత్తపడే పక్షులవి. పొదలొచ్చాక ఎలుగుబంట్లు, ఆ తర్వాత గద్దలు గూళ్ల దాకా సులువుగా రాసాగాయి. పిల్లలు తగ్గిపోయాయి. అటవీ శాఖ చెరువుల్లో కృత్రిమ దీవులు కట్టి గూళ్లకు చోటివ్వాల్సి వచ్చింది. భూకంపం పడగొట్టిన ఇళ్లను కొన్నేళ్లలో కట్టుకోవచ్చు. అది మార్చిన నేల మాత్రం దశాబ్దాల పాటు మారుతూనే ఉంటుంది. డెల్టా పక్కనున్న మత్స్యకారుల పట్టణం కోర్డోవా పరిసరాల్లో ఒకప్పుడు పేరుపడ్డ రేజర్ క్లామ్ గుల్లల వేట కూడా ఆ తర్వాత కోలుకోలేదు.

1968లో ఉత్తరాన ప్రూడో బేలో చమురు పడింది. అక్కడి నుంచి దాదాపు 1,300 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి, 1977 నుంచి వాల్డెజ్ రేవులో ట్యాంకర్లకు నింపడం మొదలుపెట్టారు. కోర్డోవా మత్స్యకారులు ముందు నుంచీ ఈ దారిని వ్యతిరేకించారు. వాళ్ల బతుకంతా ఈ నీళ్లలోనే ఉంది.

చివరికి భయపడ్డదే జరిగింది. సుమారు 2,100 కిలోమీటర్ల తీరానికి చమురు తగిలింది. 1964లో చెదిరిపోయి, ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో దీవిలో మళ్లీ ఊరు కట్టుకున్న చెనేగా వాళ్ల ఒడ్డుకూ వచ్చింది. 1964 భూకంపం గుడ్‌ఫ్రైడే నాడు వచ్చింది. చమురు ఒలికిందీ గుడ్‌ఫ్రైడే నాడే.

ఒడ్డున దొరికిన పక్షి కళేబరాలు 30 వేలకు పైనే. కానీ చచ్చిన పక్షుల్లో చాలావరకు మునిగిపోతాయి, కొట్టుకుపోతాయి, గద్దలు నక్కలు తినేస్తాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని వేసిన అంచనా రెండున్నర లక్షలు. సీ ఓటర్లు, అంటే సముద్రపు నీటికుక్కలు, దాదాపు 2,800, హార్బర్ సీల్స్ 300. సీ ఓటర్లకు తిమింగలాల మాదిరిగా చర్మం కింద కొవ్వు పొర ఉండదు. దట్టమైన బొచ్చులో చిక్కుకున్న గాలే వాటికి చలి దుప్పటి. బొచ్చుకు చమురు అంటితే ఆ దుప్పటి పోయినట్టే. బొచ్చు వ్యాపారం వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయి, వాటి వేటకు అడ్డుకట్ట వేసిన 1911 అంతర్జాతీయ ఒప్పందం తర్వాత మెల్లగా పెరుగుతూ వచ్చిన జంతువులివి.

ఈ అంకెల మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఒక మాట, కంపెనీ డబ్బుతో పనిచేసిన శాస్త్రవేత్తలు ఒక మాట. ముందు లెక్కలు పాతవి కావడంతో ఎవరి వాదన వాళ్లకు సరిపోయింది. పైగా కోర్టు వ్యవహారం వల్ల తొలి రెండేళ్లు ప్రభుత్వ పరిశోధనలు గోప్యంగా ఉంచారు. పక్క పడవలో ఉన్న శాస్త్రవేత్త ఏం కనుక్కున్నాడో ఇవతలి వాడికి తెలియని పరిస్థితి. సముద్రానికి చికిత్స చేయాల్సిన సమయంలో ఇది చాలా పెద్ద నష్టమని నా అభిప్రాయం. 1991లో ఎక్సాన్ 90 కోట్ల డాలర్ల సివిల్ పరిష్కారానికి ఒప్పుకుంది. ఆ డబ్బును చూసుకోవడానికి రాష్ట్ర, ఫెడరల్ ప్రతినిధులతో ఒక ట్రస్టీ కౌన్సిల్ ఏర్పడింది. లక్షల ఎకరాల తీరప్రాంత అడవుల రక్షణ, తర్వాతి ముప్పై ఏళ్ల పరిశోధనలో చాలా భాగం ఆ డబ్బుతోనే సాగాయి.

ముందు లెక్క ఉన్న చోట ఎంత స్పష్టత వస్తుందో ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్, చూపించాయి. క్రెయిగ్ మాట్కిన్ బృందం 1984 నుంచే ఇక్కడి ఓర్కాలను ఒక్కొక్కదాన్నీ ఫోటో తీస్తోంది. వీపు రెక్క మీది గాట్లు, దాని వెనక ఉండే బూడిదరంగు మచ్చ ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. వాటిని బట్టి ప్రతి ఓర్కాకూ ఒక నంబరు, దాని తల్లి ఎవరు, పిల్లలు ఎవరన్న వివరం ఆల్బమ్‌లో ఉండేవి. అందుకే చమురు ఒలికాక ఎవరు కనిపించడం లేదో పేరుపేరునా తెలిసింది. చేపలు తినే ఏబీ గుంపు ఏడాదిలో మూడో వంతు ఓర్కాలను కోల్పోయింది. సీల్స్‌ను వేటాడే ఏటీ1 గుంపులో 22 ఉండగా 9 పోయాయి. ఆ గుంపులో 1984 తర్వాత పిల్ల పుట్టి బతికిన దాఖలా లేదు. ఇప్పుడు మిగిలింది ఏడే. చుట్టుపక్కల ఇతర ఓర్కాలతో కలవని ఈ గుంపు ఇక తిరిగి పెరిగే అవకాశం కనిపించడం లేదు.

హెర్రింగ్ కథ దీనికి పూర్తిగా వేరు. వెండిలా మెరిసే ఈ చిన్న చేప మీదే ఇక్కడి పక్షులు, తిమింగలాలు, సాల్మన్లు ఆధారపడతాయి. దాని జనకు, అంటే గుడ్లకు, జపాన్‌లో మంచి ధర పలికేది. చమురు ఒలికిన వెంటనే హెర్రింగ్‌కు పెద్దగా ఏమీ కాలేదనిపించింది. 1993 వసంతంలో మాత్రం, వస్తాయనుకున్న లక్ష టన్నులకు పైగా చేపల్లో చాలా కొద్ది భాగమే వచ్చాయి. వచ్చినవాటిలోనూ చాలా చేపల ఒంటి మీద రక్తపు మచ్చలు. పరీక్షిస్తే వైరస్ తేలింది. 1989లో పుట్టిన తరం గుడ్లు పెట్టడానికి రావాల్సింది కూడా దాదాపు ఆ సమయంలోనే. ఆ తరం దాదాపు రానే లేదు.

అదే ఏడాది పింక్ సాల్మన్ కూడా దెబ్బతింది. ఆగస్టులో కోర్డోవా మత్స్యకారులు పదుల కొద్దీ పడవలతో వాల్డెజ్ జలసంధికి అడ్డంగా నిలబడి ట్యాంకర్లను ఆపేశారు. వాళ్ల డిమాండ్లలో ఒకటి నాకు చాలా విలువైనదనిపిస్తుంది: మా సముద్రం ఎలా పనిచేస్తుందో మొత్తంగా పరిశోధించండి. ఆ ఒత్తిడితోనే 1994లో సౌండ్ ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్ అనే పరిశోధన మొదలైంది. ఒక్కో జంతువును విడిగా చూడటం మానేసి ప్రవాహాలు, పాచి, చేపలు, వాటిని తినేవాటిని కలిపి చదవడం ఇక్కడ అలా ఊపందుకుంది. ప్రమాదం జరిగిన ఏడాదే కోర్డోవాలో పుట్టిన సైన్స్ సెంటర్ ఆ పనిలో ముందు నిలిచింది.

హెర్రింగ్ ఎందుకు పడిపోయిందన్న దానికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. చమురా, వైరసా, ఆకలా, తర్వాత వాటిని పెరగనివ్వకుండా తినేస్తున్న హంప్‌బ్యాక్ తిమింగలాలా? ఏదో ఒక్కదాని మీదకే నెట్టేయలేం. మధ్యలో రెండేళ్లు వేట తెరిచారు గానీ, 1999 నుంచి మళ్లీ ఇరవై ఏళ్లకు పైగా మూతపడింది. ఈ సందేహాల మధ్య ఒక విషయం గట్టిగా తేలింది. సాల్మన్ గుడ్ల మీద అలాస్కా ప్రయోగశాలలో చేసిన పనితో, నీటిలో వంద కోట్ల పాళ్లకు కొన్ని పాళ్ల చమురు రసాయనాలు కూడా చేప పిండాన్ని దెబ్బతీస్తాయని తెలిసింది. అంతకుముందు సురక్షితం అనుకున్న హద్దు కంటే అది చాలా తక్కువ.

ఇక ఒడ్డున మిగిలిన చమురు సంగతి. పైన గులకరాళ్లు శుభ్రంగా ఉండేసరికి అయిపోయిందనుకున్నారు. 2001లో ఫెడరల్ శాస్త్రవేత్తలు 91 చోట్ల దాదాపు 9 వేల గుంటలు తవ్వారు. పారతో అర మీటరు తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి. ఆ నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలితే చమురు ఉన్నట్టు. సగానికి పైగా చోట్ల దొరికింది. సీ ఓటర్లు గుల్లల కోసం ఇలాగే గుంటలు తవ్వుకుంటాయి. అందుకే చమురు బాగా పట్టిన దీవుల దగ్గర అవి కోలుకోవడానికి పాతికేళ్లు పట్టింది.

2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్ మీద వేడినీటి ముద్ద ఒకటి కూర్చుంది. ఈసారి చమురు లేదు, ఓడ లేదు. కానీ తీరం పొడవునా చేపలు తిని బతికే మర్ అనే సముద్రపక్షుల కళేబరాలు 62 వేలు కొట్టుకొచ్చాయి, ఆకలితో బక్కచిక్కినవి. గల్ఫ్ ఆఫ్ అలాస్కాలో కాడ్ చేపలు ఎంత పడిపోయాయంటే 2020లో ఫెడరల్ జలాల్లో వేటను మూసేశారు. తేడా ఏమిటంటే ఈసారి ముందు లెక్క ఉంది. కొండచరియల మీద మర్ గుంపులను ఏళ్ల తరబడి లెక్కపెట్టిన రికార్డులతో పోల్చి, అలాస్కాలో దాదాపు 40 లక్షల మర్‌లు, అంటే సగం జనాభా, చనిపోయాయని 2024 చివర్లో తేల్చారు. చమురు చంపిన పక్షులకు ఇది పది రెట్లకు పైనే. ఒడ్డుకు వచ్చిన 62 వేలను చూసి మాత్రమే ఎవరూ ఇంత నష్టాన్ని ఊహించలేరు.

అదే సౌండ్‌లో బ్యారీ ఆర్మ్ అనే ఇరుకైన పాయ ఉంది. అక్కడి హిమనదం కరిగి వెనక్కి పోవడంతో, ఇన్నాళ్లూ దాని ఆసరాతో నిలబడ్డ కొండవాలు జారడం మొదలుపెట్టింది. 2020 మేలో శాస్త్రవేత్తలు బహిరంగంగా హెచ్చరించారు. సుమారు 50 కోట్ల ఘనపు మీటర్ల రాయి ఒక్కసారిగా నీళ్లలో పడితే సునామీ లేస్తుంది, విట్టియర్ ఊరికి తప్పుకోవడానికి నిమిషాల వ్యవధే ఉంటుంది. ఇప్పుడు ఆ వాలు చుట్టూ భూకంప పరికరాలు పెట్టారు, రాడార్‌తో దాని కదలికను కొలుస్తున్నారు. ప్రతి వసంతంలో ఒక చిన్న విమానం కూడా ఈ నీళ్ల మీద తక్కువ ఎత్తులో తిరుగుతుంది. హెర్రింగ్ గుడ్లు పెట్టే చోట మగచేపలు వదిలే వీర్యంతో ఒడ్డు వెంట నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ తెల్లటి చార ఎన్ని మైళ్లు సాగింది, ఎన్ని రోజులు కనిపించిందన్నది రాసుకుంటారు. 1970లలో మొదలైన ఆ లెక్కను చమురు వచ్చినా, చేపలు రాకపోయినా ఆపలేదు.