మండే ఇంజన్ మీద మంచు

విజయనగరం,
నడి వేసవి

చిన్నోడికి, బుజ్జికి,

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఏదో పాత రేసు బండి వీడియో చూశాడట. ఇంజన్ కాలిపోతోంది, దాన్ని ఆనుకునే ఉన్న కార్బురేటర్ (ఇంజన్‌కి గాలి, ఇంధనం కలిపి అందించే భాగం) మీద మాత్రం తెల్లగా మంచు. "ఎండలో మంచేంటి తాతయ్యా?" అన్నాడు. ఆ బండి పెట్రోలు తాగదురా, మిథనాల్ అనే ఆల్కహాల్ తాగుతుంది.

పెట్రోలు అన్నం అనుకోండి, మిథనాల్ చోడి (రాగి) అంబలి. పళ్లెం అన్నంతో కడుపు నిండే మనిషికి అంబలైతే రెండు చెంబులు కావాలి. 1 కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి పడుతుంది, మిథనాల్‌కి 6.4 కిలోలు చాలు. ఇంజన్ పీల్చే గాలి ఎప్పుడూ అంతే కాబట్టి, ఆ గాలికి సరిపడా మిథనాల్ రెండింతలకు పైనే పొయ్యాలి. అందుకే మెకానిక్ ముందు జెట్టు మారుస్తాడు. జెట్టంటే కార్బురేటర్‌లో ఇంధనం దూరి వచ్చే సన్నటి బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క. బెజ్జం అడ్డుకొలత ఒకటిన్నర రెట్లు చేస్తే వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది (బుజ్జీ, నువ్వు లెక్క కట్టు). గరిటె ఒక్కటే పెద్దదైతే చాలదు, దాకలోకి అంబలి వచ్చే దారీ పెరగాలి. కార్బురేటర్‌లో ఇంధనం నిలవుండే ఫ్లోట్ గిన్నెలోకి వచ్చే దారి పెంచకపోతే సగం రేసులో బండి ఆగిపోతుంది.

అంబలి చలవ కదా, మిథనాలూ చలవే. ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది, కిలోకి కిలో చూస్తే పెట్రోలుకి సుమారు మూడింతలు. పైగా పోసేది రెండింతలు! ఆ చలికి గాలిలో తేమ మంచై పేరుకుంటుంది. లోపల చల్లగా ఉంటే గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమాన్ని గట్టిగా నొక్కినా ఇంజన్ కటకటమని కొట్టుకోదు. పెట్రోలుతో 6, 7 రెట్లు నొక్కే పాత ఇంజన్‌కి, ఆ నొక్కే పని చేసే పిస్టన్ మార్చి 12, 14 రెట్లు నొక్కిస్తారు. బలమంతా అక్కడే. నాకైతే అంబలి తాగితే నిద్రొస్తుంది కనుక ఈ పోలిక ఇక్కడ ఆపాలి. ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. పులిసిన అంబలి అల్యూమినియం గిన్నెలో వదిలేస్తే మా అమ్మ తిట్టేది, గిన్నె పాడవుతుందని. మిథనాల్ కూడా తేమ పీల్చి కార్బురేటర్‌ని తినేస్తుంది. రేసవగానే ఒంపేసి పెట్రోలుతో కడగాల్సిందే.

ఇంగ్లండులో జాప్ అనే కంపెనీ ఇంజన్ల స్పీడ్‌వే బండ్లు (మట్టి ట్రాక్ మీద గుండ్రంగా తిరిగే రేసు మోటార్‌సైకిళ్లు) ఇలా మిథనాల్‌తోనే పరిగెత్తేవి. 500 సీసీ, ఒకటే గేరు, బ్రేకులు అసలుండవు! మరి వాటికి పోసిన ఆయిల్ ఏమిటనుకున్నారు? ఆముదం. మామూలు ఇంజన్ ఆయిల్ మిథనాల్‌లో కలవదు, ఆముదం కలుస్తుంది. మా నాయనమ్మ నన్ను పెరట్లో కాళ్ల మధ్య ఇరికించుకుని, ముక్కు మూసి పట్టించింది కూడా ఈ ఆముదమే. తాగాక నేనూ పరిగెత్తేవాణ్ణి, ఎక్కడికో చెప్పక్కర్లేదు. చాలా ఏళ్ల తర్వాత మా ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక మెకానిక్ రేసు బండ్లకి ఆముదం పోస్తారని చెబితే నమ్మలేదు. ఆ మహాతల్లి మందు అంత గొప్పదని ముందే తెలిసుంటే కొంచెం తక్కువ ఏడ్చేవాణ్ణి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మిథనాల్ విషం. కొంచెం లోపలికి వెళ్లినా కళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పట్టపగలు దాని మంట కంటికి కనబడదు, కాలాకే తెలుస్తుంది. బండ్ల మీద సరదా ఉండొచ్చు, ఆ డబ్బా జోలికి మాత్రం పోకూడదు.

ఆవిరికి ఆ వేడి ఎందుకు కావాలి అని చిన్నోడు మళ్లీ అడుగుతాడని తెలుసు. కాంపౌండర్ సూది వేసే ముందు స్పిరిట్ దూది రాస్తే నేను సూదికి కాదు, ఆ చల్లదనానికే ఉలిక్కిపడేవాణ్ణి. ఇప్పటికీ నాకది వింతే. మీరొక పని చెయ్యండి. అమ్మనడిగి ఒక చేతి మీద శానిటైజర్ చుక్క, రెండో చేతి మీద నీటి చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని ఫ్యాను కింద కూర్చోండి. ఏ చెయ్యి ముందు చల్లబడిందో నాకు రాయండి.

మీ తాతయ్య