మైనస్ 40 నుంచి ప్రపంచ యాత్ర: అపోహలు - వాస్తవాలు

అలాస్కా నడిబొడ్డున, 65వ అక్షాంశానికి కాస్త కింద ఉండే ఊరు ఫెయిర్‌బ్యాంక్స్. 18 ఏళ్లుగా మా కాపురం ఇక్కడే. నేను, మావారు ఏటా రెండుసార్లు సంచులు సర్దుకుని బయలుదేరుతాం. టూర్ కంపెనీ లేదు, జెండా పట్టుకుని ముందు నడిచే గైడు లేడు. టికెట్లు, వీసాలు, బస, బస్సులు అన్నీ మేమే చూసుకుంటాం. మొదట మా ఇద్దరి కోసం చేసుకున్న పని, తర్వాత తెలిసినవాళ్లకు, ఆ తర్వాత వాళ్లకు తెలిసినవాళ్లకు చేసిపెట్టడం అలవాటైంది. తెనాలి నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసినా, డాలస్ నుంచి మావారి మేనల్లుడు చేసినా అవే ప్రశ్నలు. జవాబులు ఒకచోట రాసిపెడితే నా గొంతుకైనా విశ్రాంతి దొరుకుతుందని ఇది రాస్తున్నాను.

అపోహ: అలాస్కా లోకానికి ఆ చివర. అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలన్నా దూరమే.

ఒక గ్లోబు, ఒక దారం తీసుకోండి. గోడకు వేలాడే పటం వద్దు, అది మోసం చేస్తుంది. దారం ఒక కొస ఫెయిర్‌బ్యాంక్స్ మీద, ఇంకో కొస హైదరాబాద్ మీద పెట్టి బిగించి లాగండి. దారం ఉత్తర ధ్రువం దిక్కుగా ఎక్కి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా సైబీరియాలోకి దిగుతుంది. ఆ దూరం సుమారు 10 వేల కిలోమీటర్లు. ఇప్పుడు న్యూయార్క్ నుంచి లాగి చూడండి, దాదాపు 13 వేలు. అంటే న్యూజెర్సీలో ఉన్న మా బంధువులకంటే మేమే హైదరాబాద్‌కు 3 వేల కిలోమీటర్లు దగ్గర! ఈ మాట చెబితే ఇంతవరకు ఎవరూ నమ్మలేదు, దారం తెమ్మంటాను.

అయితే విమానాలు దారం వెంట నడవవు. మా ఊరి నుంచి ముందు దక్షిణంగా, 2,400 కిలోమీటర్లకు పైగా ఎగిరి సియాటిల్ చేరాలి. అక్కడి నుంచి గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో ఇండియా. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి ఒకటిన్నర రోజు పట్టడం మామూలే. ఒకప్పుడు పరిస్థితి వేరు. సోవియట్ గగనతలం మూసి ఉన్న రోజుల్లో యూరప్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు ఇంధనం కోసం మా అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగేవి. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ 1957లోనే కోపెన్‌హేగన్ నుంచి యాంకరేజ్ మీదుగా టోక్యోకు సర్వీసు మొదలుపెట్టింది. ఆ గగనతలం తెరుచుకుని, ఆగకుండా ఎగరగలిగే విమానాలు వచ్చాక ప్రయాణికుల విమానాలు మమ్మల్ని మరిచిపోయాయి. సరుకు విమానాలు మాత్రం ఇప్పటికీ దిగుతున్నాయి. మా రాష్ట్రంలో పెట్టెలకున్న సౌకర్యం మనుషులకు లేదు.

అపోహ: చలికాలంలో చీకటి భరించలేక పారిపోతుంటారు.

డిసెంబరు 21న మాకు పగలు మూడు గంటల నలభై నిమిషాలు. అయినా సూర్యుడు బొత్తిగా రాకపోవడం ఉండదు. ఆర్కిటిక్ వలయం మాకు ఉత్తరాన ఉంది. ఇక ఫిబ్రవరి, మార్చి నెలలు చూడాల్సినవి: వెలుతురు రోజూ ఆరేడు నిమిషాలు పెరుగుతుంటుంది, మంచు శుభ్రంగా ఉంటుంది, రాత్రి ఆకాశంలో అరోరా రంగుల వెలుగులు. అప్పుడు ఊరు వదిలి వెళ్లడం పొరపాటు.

మేం వదిలేది ఏప్రిల్‌లో. ఇక్కడివాళ్లు దాన్ని ‘బ్రేకప్’ అంటారు. మంచు కరిగి, ఆరు నెలలుగా దాని కింద దాక్కున్న చెత్త, కుక్కల పెంట, పోయిన చేతితొడుగులు అన్నీ బయటపడి, వీధులు బురదగుంటలయ్యే కాలం. 90 కిలోమీటర్ల దూరంలోని నెనానాలో, నది మంచు ఏ రోజు ఏ నిమిషానికి కదులుతుందో ఊహించి పందెం కట్టే ఆట 1917 నుంచి నడుస్తోంది. మేం టికెట్లు కొనేసి విమానం ఎక్కుతాం. ఇంతవరకు పైసా రాలేదు.

ఏప్రిల్‌కు ఇంకో లాభం ఉంది, ముఖ్యంగా శాకాహారులకు. నేను గుడ్డు కూడా ముట్టను. ఈస్టర్‌కు ముందు ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసాల కాలం. మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. ఇథియోపియాలో ఆ దీక్ష 55 రోజులు. అది కాక ఏడాదిలో చాలావరకు ప్రతి బుధ, శుక్రవారాలు కూడా ఉపవాసమే. ఆ రోజుల్లో ఏ చిన్న హోటల్లోనైనా ‘బెయాయ్‌నెటు’ అంటే చాలు: పెద్ద పళ్లెమంత ఇంజెరా అట్టు, దాని మీద కుప్పలు కుప్పలుగా కందిరంగు పప్పు, క్యాబేజీ, ఆకుకూర, బీట్‌రూట్. అడిస్ అబాబాలో మొదటిసారి ఆ పళ్లెం ముందు కూర్చున్నప్పుడు, సంచిలో మోసుకొచ్చిన అటుకుల పొట్లం గుర్తొచ్చి సిగ్గేసింది. ‘విదేశాల్లో మనకు తిండి దొరకదు’ అనే అపోహకు వేరే జవాబు అక్కర్లేదు. క్యాలెండర్ చూసుకుని వెళ్లండి.

అపోహ: మైనస్ 40కి అలవాటు పడ్డవాళ్లు, చలి మీకో లెక్కా!

(మైనస్ 40 దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటే. కాబట్టి ఏ డిగ్రీలని అడగకండి.)

నా జీవితంలో నేను అన్నింటికంటే ఎక్కువ వణికింది పెరూలోని కుస్కోలో, జూన్ నెలలో. బయట ఉష్ణోగ్రత సున్నాకు అటూఇటూ, అంతే. కానీ గదిలోనూ అంతే! హీటర్ లేదు, రాతి గోడలు, నాలుగు కంబళ్లు కప్పుకుంటే ఊపిరాడని బరువు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో బయట ఎంత ఉన్నా ఇంట్లో 20 డిగ్రీలు, మేం చొక్కాలతో తిరుగుతాం. మాకు అలవాటైంది చలి కాదు, మందపాటి గోడలు. పైగా అలాస్కా అనగానే కొండలు అనుకుంటారు. మా ఊరు సముద్రమట్టానికి 135 మీటర్ల ఎత్తులో ఉంది. కుస్కో 3,400 మీటర్లు. ఆ ఎత్తు పడక మొదటి రాత్రే మావారికి తల పగిలిపోయే నొప్పి. మర్నాడు కోకా ఆకుల టీ తాగించి, 2,800 మీటర్లలోపు ఉండే ఓయాంటాయ్‌టాంబోకు దించేశాను. మూడు రోజులకు మనిషయ్యారు. ఆండీస్ కొండలకు వెళ్లేవాళ్లు ముందు లోయలో పడుకోండి, కుస్కో తర్వాత చూడవచ్చు.

అపోహ: అలాస్కా ప్రభుత్వం ఊరికే డబ్బులిస్తుందట, దాంతో తిరుగుతున్నారు.

ఇస్తుంది. చమురు ఆదాయంతో పెట్టిన నిధి నుంచి 1982 మొదలుకుని ప్రతి నివాసికీ ఏటా వాటా వస్తోంది. 2024లో తలకు 1,702 డాలర్లు. మా ఇంట్లో చలికాలం హీటర్‌లో కాలే నూనె దాన్ని పండగకు ముందే మింగేస్తుంది. దానికో షరతు కూడా ఉంది: చదువు, వైద్యం లాంటి మినహాయింపులు లేకుండా ఏడాదిలో 180 రోజులకు మించి రాష్ట్రం బయట ఉంటే వాటా పోతుంది. కాబట్టి ఆ డబ్బు మమ్మల్ని పంపడం కంటే ఇంట్లో కట్టిపడేయడమే ఎక్కువ.

అపోహ: భారతీయ పాస్‌పోర్టుతో సొంతంగా తిరగడం కుదరదు, ఏజెంటు ఉండాల్సిందే.

మా ఇద్దరిదీ ఇంకా భారతీయ పాస్‌పోర్టే, చేతిలో గ్రీన్‌కార్డు ఉంది. ఆ కార్డుతో కెనడా, మెక్సికో, జార్జియాలకు (అమెరికా రాష్ట్రం కాదు, ఆ పేరుగల దేశం) విడిగా వీసా తీసుకోలేదు. నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు ఆ దేశపు అధికారిక పేజీ చూసుకోండి, బంధువుల మాట వద్దు. నా మాట కూడా వద్దు.

యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటే అయిన షెంగెన్ వీసా దరఖాస్తులో కష్టమేమీ లేదు, చాకిరీ ఉంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, ఆలస్యమైతే 15 రోజుల ముందు వరకు ఇవ్వవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. మాకున్న అసలు ఇబ్బంది వేలిముద్రలు. అవి ఇవ్వడానికి మేం విమానం ఎక్కాలి. అయితే ఒకసారి ఇస్తే 59 నెలలు వాటినే మళ్లీ వాడుకునే వీలుంది. ఆ 59 నెలలు ఎప్పుడు తీరతాయో మా ఫ్రిజ్ తలుపు మీద రాసి ఉంటుంది, గ్యాస్ బుకింగ్ తేదీ రాసుకున్నట్టు.

అపోహ: సొంతంగా వెళ్లడమంటే అనుకున్నదే తడవు బయలుదేరడం.

మొదట్లో మేమూ అలాగే అనుకున్నాం. ఒకసారి తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ నుంచి సియాటిల్ వరకు ఒక టికెట్, అక్కడి నుంచి ఇంటికి ఇంకో చౌక టికెట్ కొన్నాను. మధ్యలో నాలుగు గంటలు, చాలనుకున్నాను. మొదటి విమానం అయిదు గంటలు ఆలస్యం. రెండు టికెట్లూ వేర్వేరు కాబట్టి రెండో విమానం వాళ్లకు మా గోడుతో సంబంధం లేదు. ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కంపెనీదే. విడివిడిగా కొంటే ఆ పూచీ మనదే. కౌంటర్ దగ్గర కట్టిన డబ్బు, నేను ఆదా చేశానని మురిసిన దానికి మూడింతలు. ఇప్పుడు విడి టికెట్లు కొంటే సియాటిల్‌లో ఒక రాత్రి పడుకోవడం మా ఇంటి చట్టం.

అపోహ: భార్యాభర్తలు కలిసి తిరిగితే ప్రేమ పెరుగుతుంది.

గొడవలు పెరుగుతాయి. ఇరవైనాలుగు గంటలూ ఒకే మనిషి, ఒకే గది, ఒకే సంచి. టికెట్లు, బస నా శాఖ. దారులు, బస్సులు మావారిది. ఒకరి శాఖలో ఒకరు వేలు పెట్టకూడదు. అయిదు రోజులకోసారి పొద్దున విడిపోయి, రాత్రి భోజనానికి కలుస్తాం. ఆ రోజు భోజనాల దగ్గర చెప్పుకోవడానికి ఇద్దరికీ బోలెడు కబుర్లు.

ఈ నియమాలు పుట్టింది జార్జియా రాజధాని ట్బిలిసీలో, డిడుబే బస్టాండులో. కొండల్లోని కజ్‌బెగీ ఊరికి వెళ్లే వ్యాను ఎక్కాం. మార్ష్రుట్కా అంటారు, సీట్లు నిండితేనే కదులుతుంది. దారిలో అననూరి కోట దగ్గర ఆపించాలని ఆయన డ్రైవరుతో సైగలతో బేరం మొదలుపెట్టారు. మనకోసం అందరినీ ఆపుతారా అని నేను. నీకు ఎప్పుడూ తొందరే అని ఆయన. అక్కడి నుంచి మా పెళ్లినాటి సంగతుల దాకా వెళ్లాం, గట్టిగా, తెలుగులో, ఎవరికి అర్థమవుతుందిలే అని. వెనక సీటు నుంచి నెమ్మదిగా వినిపించింది: “ఆంటీ, ఇంకా నలుగురు వస్తే గానీ ఇది కదలదు. అంకుల్‌ని తాపీగా మాట్లాడుకోనివ్వండి.” ఖమ్మం అమ్మాయి. జార్జియాలో మెడిసిన్ చదివే మన పిల్లలు చాలామంది ఉన్నారన్న సంగతి ఆ క్షణం దాకా మాకు గుర్తు రాలేదు. కోట దగ్గర బండి ఆగింది. అడిగింది ఆ అమ్మాయే, జార్జియన్ భాషలో.

అపోహ: పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయారు. ఇంటికి తాళం వేసుకుని వెళ్లడమేగా!

మా ప్రయాణంలో అన్నింటికంటే కష్టమైన దేశం మా ఇల్లే. అక్టోబరు చివరలోనో జనవరిలోనో వెళ్లామంటే బయలుదేరే ముందు రెండు రోజులు దాని చాకిరీకే. హీటర్ ఆపకూడదు, 12 డిగ్రీలకు తగ్గించాలి. బయటి ట్యాంకులో నూనె కొలవాలి. అదీ ఒకటో రకం నూనె, రెండో రకమైతే మా చలికి చిక్కబడి పైపులో కదలదు. మాది బావి లేని ఇల్లు, నీళ్లు లారీలో వచ్చి ట్యాంకులో పడతాయి. పంపు ఆపి, కుళాయిలన్నీ తిప్పి పైపులు ఖాళీ చేసి, సింకుల కింది వంపుల్లో గడ్డకట్టని గులాబీరంగు ద్రవం, యాంటీఫ్రీజ్, పోయాలి. కారు ఇంటి దగ్గరే ఉంటుంది. ఇక్కడ ప్రతి కారు ముక్కులోంచి ఒక ప్లగ్గు వేలాడుతుంది. కొత్తగా వచ్చిన మనవాళ్లు అన్నీ కరెంటు కార్లే అనుకుంటారు. అది ఇంజిన్‌ను వెచ్చబెట్టే తీగ. నెలరోజులు కదలని కారు టైర్ల అడుగు చలికి బల్లపరుపుగా బిగుసుకుంటుంది. తిరిగొచ్చాక మొదటి రెండు కిలోమీటర్లు ఎడ్లబండిలో వెళ్లినట్టే ఉంటుంది.

చివరగా దీపం. కిటికీలో ఒక ఎర్ర బల్బు పెడతాం, దానికి ఉష్ణోగ్రత చూసే స్విచ్చి ఉంటుంది. ఇంట్లో చలి అయిదు డిగ్రీలకు దిగితే బల్బు వెలుగుతుంది. కుక్కతో నడకకు వెళ్లే పక్కింటి పెద్దాయన అటు చూస్తారు.

ఒక జనవరిలో మేం గుంటూరులో ఉండగా ఆయన ఫోన్: మీ దీపం వెలిగింది. ఇక్కడ బయట మైనస్ 38. కరెంటు పోయి వచ్చాక హీటర్ మళ్లీ అంటుకోలేదు. ఆయన తాళం తీసి దాన్ని ముట్టించేసరికి, నేను సరిగా ఖాళీ చేయని వంటింటి పైపు ఒకటి చీలింది. అది సులువుగానే బాగైంది. కిటికీ పక్కన కుండీలో ఆరేళ్లుగా పెంచుకున్న కరివేపాకు మొక్క మాత్రం నల్లబడి తల వాల్చేసింది. ఆ మాట ఫోనులో ఆయన చాలా సేపు చెప్పలేదు.

మా అమ్మ, ఊరి నుంచి ఎవరైనా వస్తున్నారంటే, ఎంత రాత్రయినా వీధి దీపం ఆర్పేది కాదు. ఇక్కడ టాక్సీ మా సందు మలుపు తిరగగానే ఇద్దరం ముందుకు వంగి కిటికీ వైపు చూస్తాం. చీకటి.

“హమ్మయ్య,” అంటారు మావారు.