నీటిని తాకీ తాకని పడవలు

అమెరికాలోని సియాటిల్ పక్కన వాషింగ్టన్ సరస్సు, దానికి తూర్పున సమామిష్ సరస్సు ఉన్నాయి. రెండింటినీ ఒక సన్నటి ఏరు కలుపుతుంది. ఆ ఏటి మెలికల్లో 1934లో మొదలైన ఔట్‌బోర్డ్ మోటారు పడవల పందెం 1976 దాకా సాగింది. వారమంతా ఉద్యోగం చేసుకుని, సెలవు రోజున పడవను కారు వెనక తగిలించుకుని వచ్చే మామూలు మనుషుల ఆట ఇది. ఒడ్డున జనం కిక్కిరిసి చూసేవాళ్లు.

ఔట్‌బోర్డ్ అంటే పడవ వెనక చెక్కకు బిగించి, పనయ్యాక విప్పి తీసుకుపోగలిగే మోటారు. విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్ మాత్రమే. చేపలు పట్టేవాళ్లకు అది చాలు. పందెం వేసేవాళ్లకు ఎలా చాలుతుంది?

పడవ కదిలితే ముందు ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవూ పెరుగుతుంది. అది పడవ పొడవుతో సమానమైందంటే, పడవ తను లేపిన అలనే ఎక్కాల్సి వస్తుంది. మూడున్నర మీటర్ల పడవకు ఈ ఇబ్బంది గంటకు 8 కిలోమీటర్ల దగ్గరే మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఎంత బలం పెట్టినా చాలావరకు అలలు లేపడానికే ఖర్చవుతుంది. దాటాలంటే ఒకటే దారి: పడవ నీటిలోంచి పైకి లేవాలి. చెరువులో పెంకును వాలుగా విసిరితే అది కప్పగంతులు వేస్తూ పోతుంది కదా, సూత్రం అదే. అడుగు బల్లపరుపుగా, పడవ తేలిగ్గా ఉంటే, కింద నీటి ఒత్తిడి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. నీటి సాంద్రత గాలికి సుమారు 800 రెట్లు. అందుకే నీటిని ఎంత తక్కువ తాకితే అంత మేలు.

హైడ్రోప్లేన్ అనే రకంలో ఈ ఆలోచన చివరిదాకా వెళ్లింది. పూర్తి వేగంలో అది మూడు చోట్లే నీటిని తాకుతుంది: ముందు ఇరువైపులా ఉన్న రెండు దిమ్మెలు, వెనక ప్రొపెల్లర్. ఆ ప్రొపెల్లర్ రెక్కలు కూడా సగం గాలిలోనే తిరుగుతాయి. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇక్కడి సాహసం. కిందికి దూరిన గాలి కూడా పడవను ఎత్తుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు. ముక్కు కాస్త ఎక్కువ లేచిందా, పడవ వెనక్కి తిరగబడుతుంది. నడిపేవాడు మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లు ముందుకీ వెనక్కీ జరుపుతూ బరువు సర్దుతుంటాడు. ఇంజన్ వేగాన్ని పెంచే థ్రాటిల్ పిడిని పట్టు వదిలితే స్ప్రింగు దాన్ని వెంటనే మూసేస్తుంది. మనిషి నీళ్లలో పడ్డా పడవ దానంతటది పరుగెత్తకుండా ఈ ఏర్పాటు.

మామూలు సరస్సు పందేల్లో మలుపులన్నీ ఎడమవైపే. సమామిష్ ఏటిలో మాత్రం ఎడమా కుడీ రెండూ, పైగా వంతెనలు. 1960లలో వరద నివారణ కోసం ఆ ఏటిని తవ్వి తిన్నగా చేశారు. వరదలు తగ్గి ఉండొచ్చు గానీ, పందెం మాత్రం తన మెలికల్ని పోగొట్టుకుంది.

ఇక ఇంధనం. కొన్ని తరగతుల్లో పెట్రోలే వాడాలి. పెద్ద వేగాల తరగతుల్లో మిథనాల్ అనే ఆల్కహాల్ పోస్తారు. అది ఆవిరవుతూ ఇంజన్‌ను బాగా చల్లబరుస్తుంది, ఎక్కువ కంప్రెషన్‌ను (సిలిండర్‌లో ఇంధనాన్నీ గాలినీ కలిపి నొక్కడాన్ని) తట్టుకుంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌కు నూనెను ఇంధనంలోనే కలపాలి. మామూలు ఇంజన్ ఆయిల్ మిథనాల్‌లో కలవదు. కలిసేది ఆముదం! అవును, మన నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలలో పండే ఆముదమే. దానిలో దాదాపు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లానికి హైడ్రాక్సిల్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల జంట) ఉంది. ఆల్కహాల్‌తో పొత్తు కుదిర్చేది అదే. కాలీకాలని ఆముదం పొగతో బయటికొస్తుంది. పాత పందేలు చూసినవాళ్లు ఇప్పటికీ మొదట తలుచుకునేది ఆ వాసననే.

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పడవలు పరుగెత్తాయి. అవి వృత్తి రేసర్లవి, మోటార్లు చాలా పెద్దవి. అయినా గాలిని కిందికి తీసుకుని నీటిని వదిలే కిటుకు ఈ చిన్న పడవలదే.

ఆముదానికి ఒక చెడ్డ గుణం ఉంది: వేడికి జిగురుగా మారి పిస్టన్ రింగులకు అంటుకుపోతుంది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చి లోహాన్ని తినేస్తుంది. అందుకే పందెం గెలిచినా ఓడినా, ఆ సాయంత్రమే కార్బ్యురేటర్ కడిగి, ఇంజన్‌లో కొత్త నూనె పోసి తిప్పాలి.