చిన్న ఉప్పునీటి ట్యాంకులో ఎనిమోన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎనిమోన్ (రాళ్లకి అంటుకుని బతికే, పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఎలాగూ ఆర్నెల్లకు మించి బతకదు.

స్కాట్లాండ్‌లో సర్ జాన్ గ్రాహమ్ డాలియెల్ అనే ప్రకృతి పరిశోధకుడు 1828లో తీరపు రాళ్ల మీంచి ఒక బీడ్‌లెట్ ఎనిమోన్‌ని తెచ్చి గాజు జాడీలో పెట్టాడు. 1851లో ఆయన పోయాడు గానీ అది పోలేదు. చేతులు మారుతూ ఎడిన్‌బరోలో 1887 దాకా బతికింది. దాన్ని 'గ్రానీ' అని పిలిచేవాళ్లు. పంపు లేదు, ఫిల్టరు లేదు, ప్రత్యేకంగా లైటు లేదు. ఉన్నదల్లా తరచూ మార్చే తాజా సముద్రపు నీళ్లు. అది చల్లటి సముద్రపు జాతి, వెలుతురు మీద ఆధారపడేది కాదు. మనం పెంచే పగడపు దిబ్బల ఎనిమోన్‌తో దానికి పూర్తి పోలిక లేదు. అయినా ఇంటి ట్యాంకులో ఎనిమోన్ ముసలిదై చనిపోవడం దాదాపు జరగదు. దాన్ని చంపేది నీళ్లలో వచ్చే ఒడిదొడుకులు. ట్యాంకు ఎంత చిన్నదైతే ఆ ఒడిదొడుకులు అంత పెద్దవి.

కింది లెక్కలన్నీ ఒకే ట్యాంకుకి వేసినవి: పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 40. అంచుదాకా నింపితే 96 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా మిగిలే నీళ్లు సుమారు 80 లీటర్లు. జీవి బబుల్ టిప్ ఎనిమోన్. ఈ సైజుకి క్లౌన్ ఫిష్ చేరే ఎనిమోన్లలో ఇదే నయం. కార్పెట్ ఎనిమోన్ చూడ్డానికి తివాచీలా ముచ్చటగా ఉంటుంది, కానీ పెరిగితే అడుగున్నర దాటుతుంది. దారినపోయే చేపను పట్టుకుని మింగేస్తుంది కూడా. రెండడుగుల ట్యాంకులోకి అది వద్దు.

అపోహ: అమ్మోనియా సున్నా చూపించింది, ఇక ఎనిమోన్ వేసెయ్యొచ్చు.

కొత్త ట్యాంకులో నాలుగు నుంచి ఆరు వారాల్లో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వస్తాయి. గట్టి చేపకి అది చాలు. చేపకి మొప్పలు, మూత్రపిండాలు ఉన్నాయి. బయట ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా లోపల సర్దుకుంటుంది. ఎనిమోన్‌కి ఆ అవయవాలు లేవు. నీళ్లలో ఉప్పు ఎంతుంటే దాని ఒంట్లోనూ అంతే. అందుకే ఆర్నెల్లు ఆగమనేది. క్యాలెండరు ఒక్కటే చూసుకున్నా లాభం లేదు. నాలుగు వారాల పాటు రోజూ ఒకే వేళకి ఉప్పదనం, ఉష్ణోగ్రత, వారానికి రెండుసార్లు కేహెచ్ (నీటి క్షారత కొలత) ఒక పుస్తకంలో రాయండి. ఉప్పదనం అర పీపీటీకి (వెయ్యి పాళ్ల నీటిలో ఎన్ని పాళ్లు ఉప్పో చెప్పే కొలత), ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి, కేహెచ్ ఒక అంకెకి మించి కదలకపోతే ట్యాంకు సిద్ధమైనట్టు.

ఉండాల్సిన అంకెలు: ఉప్పదనం 35 పీపీటీ, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోల్చిన సాంద్రత) సుమారు 1.026. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు. కేహెచ్ 8 నుంచి 9.5. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పదిలక్షల్లో పాళ్లు), మెగ్నీషియం 1250 నుంచి 1350. నైట్రేట్ 5 నుంచి 15 మధ్య. నైట్రేట్ పూర్తిగా సున్నా అయితే గొప్పే కదా అనుకుంటారు. ఎనిమోన్ ఒంట్లో కాపురముండే నాచుకి అదే ఎరువు, సున్నా అయితే అది పస్తుంటుంది. ఈ అంకెల్లో ఏదైనా కాస్త తేడాగా ఉన్నా పర్వాలేదు, దాన్ని ఒక్కరోజులో సరిచేయబోవడమే ప్రమాదం. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుని మంచినీళ్లతో సున్నాకి కాదు, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరుని నమ్మకండి. ముల్లుకి ఒక గాలిబుడగ అంటుకుంటే చాలు, అంకె తప్పిపోతుంది.

అపోహ: నీళ్లు తగ్గితే ఉప్పునీళ్లే కదా పొయ్యాల్సింది.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. 80 లీటర్లలో 4 లీటర్లు ఆవిరైతే ఉప్పదనం 35 నుంచి 36.8కి చేరుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ పెట్టిన ట్యాంకుకి అది రెండు రోజుల పని. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి 10 లీటర్లు తగ్గితే 40 పీపీటీ. అప్పుడు కంగారుపడి బకెట్టు మంచినీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే నిమిషంలో 40 నుంచి 35కి పడిపోతుంది. మొదటి దెబ్బకి తట్టుకున్న ఎనిమోన్ ఈ రెండో దెబ్బకి పోతుంది. అంత తేడా వచ్చినప్పుడు ఆ 10 లీటర్లని రెండు రోజుల మీద, కొంచెం కొంచెంగా పొయ్యాలి.

గాజు మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ ఆ గీత దాకా ఉప్పు లేని శుద్ధమైన నీళ్లు పొయ్యడం కనీస పద్ధతి. ఆవిరైన నీళ్లని తానే నింపే ఆటో టాప్-అప్ పెట్టుకుంటే మేలు, కానీ దాని నీళ్ల డబ్బా 8 లీటర్లకి మించనివ్వకండి. సెన్సరు చెడి డబ్బా మొత్తం ట్యాంకులోకి దిగినా నష్టం ఒక హద్దులో ఆగుతుంది.

ఫ్యాన్ సంగతి ఊరిని బట్టి ఉంటుంది. హైదరాబాదు పొడిగాలిలో నీటి పైకి గాలి కొట్టేలా పెట్టిన చిన్న ఫ్యాన్ మూడు డిగ్రీల వరకు తగ్గించగలదు. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో అదే ఫ్యాన్ పెద్దగా చేసేదేమీ ఉండదు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి. అక్కడ నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రమో, ఏసీ గదో తప్పదు. వేసవికి ముందే ఆ ఖర్చు లెక్క వేసుకుని అప్పుడు ఎనిమోన్ కొనండి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు కూడా ఆ లెక్కలోదే. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది.

అపోహ: ఇంట్లో ఆర్వో ఉందిగా, ఆ నీళ్లు చాలు.

తాగునీటి ఆర్వోలో పొర నుంచి వచ్చిన నీళ్లకి రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలుపుతారు. టీడీఎస్ మీటరు పెడితే 50, 100 చూపిస్తుంది. ఇంతకంటే పెద్ద చిక్కు, ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు చాలా మోడళ్లలో వచ్చే రాగి కార్ట్రిడ్జి. మనిషికి ఏమీ కాని రాగి మోతాదు వెన్నెముక లేని సముద్ర జీవులకి విషం. పొర తర్వాత, ఖనిజాల కార్ట్రిడ్జికి ముందు గొట్టం నుంచి నీళ్లు తీసుకుని, మిగిలిన ఖనిజాలని పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపి, మీటరు మీద సున్నా చూశాకే వాడాలి.

పాత ట్యాంకు కొనేవాళ్లూ ఈ రాగి గురించి అడగాలి. చేపల మచ్చల జబ్బుకి రాగి మందు వాడిన ట్యాంకైతే రాళ్లు, ఇసుక ఆ రాగిని పట్టి ఉంచుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. ఆ రాళ్లు వద్దు.

అపోహ: సముద్రంలోంచి వచ్చిందే కళ్లుప్పు, అది కలిపితే సముద్రపు నీళ్లే.

ఉప్పు మడిలో ఏం జరుగుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. సముద్రపు నీళ్లు ఎండేకొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం అడుక్కి దిగుతాయి. ఆ తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు మిగిలిపోయిన చేదు నీళ్లలో ఉండిపోతాయి, రైతు వాటిని పారబోస్తాడు. అంటే కళ్లుప్పులో ఎనిమోన్‌కి కావాల్సిన కాల్షియం ముందే దిగిపోయింది, మెగ్నీషియం చేదు నీళ్లతో బయటికి పోయింది. రిఫ్రాక్టోమీటరు మాత్రం 35 అని చక్కగా చూపిస్తుంది. అక్వేరియం సాల్ట్ మిక్స్ తప్ప వేరే దారి లేదు. వారానికి 8 లీటర్లు మార్చాలి. దానికి మిక్స్ సుమారు 300 గ్రాములు పడుతుంది. శుద్ధమైన నీళ్లలో ఉప్పు వెయ్యాలి, ఉప్పు మీద నీళ్లు పొయ్యకూడదు. చిన్న పంపుతో ఒక రాత్రి తిప్పి, ఉప్పదనం, వేడి ట్యాంకుతో సరిపోయాక పొయ్యండి.

ఇక బీచ్ నుంచి క్యాన్లలో తెచ్చే నీళ్లు. ఒడ్డు దగ్గర మురుగు, పడవల డీజిలు ఉంటాయి. పైగా బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ, మహానది వరద చేరే నెలల్లో తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. ఈ వారం తెచ్చిన నీళ్లకి పోయిన నెల తెచ్చిన నీళ్లకి పొంతన ఉండదు.

అపోహ: తెల్లగా మెరిసేది, పసుపు రంగుది అరుదైన జాతి.

తెల్లగా ఉంటే దాని ఒంట్లోని నాచు వెళ్లిపోయిందన్నమాట. తన తిండిలో పెద్ద భాగాన్ని వండిపెట్టే వంటవాణ్ణి అది పోగొట్టుకుంది. నిమ్మపండు పసుపు, మిఠాయి గులాబీ రంగుల్లో కనిపించేవి చాలాసార్లు అలా తెల్లబడ్డాక రంగు అద్దినవే. గోధుమ, ఆకుపచ్చ, ఎర్ర గోధుమ ఛాయలున్నదే కొనండి. షాపులో నోరు చూడండి, బిగిసి మూసుకుని ఉండాలి. తర్వాత పాదం చూడండి. గాజు మీంచి గీకి తీసినప్పుడు పాదం చిరిగితే ఆ గాయంతో ఇంటికొచ్చిన ఎనిమోన్ చాలావరకు వారం తిరక్కుండానే కుళ్లుతుంది.

అపోహ: వెలుగుంటే తిండి అక్కర్లేదు. దీనికి కవల అపోహ: రోజూ రొయ్య పెడితే త్వరగా పెరుగుతుంది.

మామూలు ట్యూబులైటు, గది ఎల్‌ఈడీ బల్బు చాలవు. ఎనిమోన్ కూర్చున్న చోట పార్ (నాచుకి పనికొచ్చే వెలుతురు కొలత) 150 నుంచి 250 ఉండేలా రీఫ్ ఎల్‌ఈడీ కావాలి, రోజుకి 8 నుంచి 10 గంటలు. ఫోన్‌లోని లక్స్ యాప్ నీలి వెలుతురు కింద తప్పు చెబుతుంది. కొత్తగా వచ్చినదానికి మొదటి వారం లైటు 40 శాతం దగ్గర ఉంచి, వారానికి 10 శాతం పెంచండి. కాండం పొడుగ్గా సాగదీసి పైకి చేరుతుంటే వెలుతురు చాలడం లేదు. రాయి కిందకి దూరి బయటికి రాకపోతే ఎక్కువైంది.

తిండి వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ముక్క బఠాణీ గింజంత. మనకి ఎక్కడైనా దొరికే వనామి రొయ్య సరిగ్గా సరిపోతుంది: పచ్చిది, తోలు, నరం తీసి, మంచినీళ్లతో కడిగి, ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. కూరకి కడిగే అలవాటులో ఉప్పు, పసుపు పట్టించకండి! ప్యాకెట్లో వచ్చే ఒలిచిన రొయ్యలకి చాలాసార్లు ఫాస్ఫేట్ పట్టిస్తారు, లేబులు చదవండి. పెద్ద ముక్క పెడితే పైకి మింగినట్టే కనిపిస్తుంది. రాత్రికి సగం అరిగినదాన్ని కక్కుతుంది, తెల్లారేసరికి 80 లీటర్లలో అమ్మోనియా కనిపిస్తుంది. కొత్తగా తెచ్చినదానికి మొదటి వారం అసలు ఏమీ పెట్టకపోవడమే మంచిది.

అపోహ: ముడుచుకుంటే చచ్చినట్టే.

కాదు. లోపలి వ్యర్థాలు వదలడానికి అప్పుడప్పుడు గాలి తీసిన బంతిలా అయి, కొన్ని గంటల్లో మళ్లీ ఉబ్బుతుంది. గోధుమరంగు తీగల్లాంటివి వదలడం కూడా మామూలే.

అపోహ: టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటివి) చివర బుడగలుంటేనే ఆరోగ్యం.

అదే ఎనిమోన్ ఒక నెల బుడగలతో, ఇంకో నెల పొడుగు వేళ్లతో ఉండొచ్చు. రంగు, నోరు బాగుంటే బుడగల గురించి బెంగపడక్కర్లేదు.

అపోహ: క్లౌన్ ఫిష్ లేకపోతే ఎనిమోన్ బతకదు.

ట్యాంకులో రెండూ విడివిడిగా హాయిగా బతుకుతాయి. షాపుల్లో ఎక్కువగా అమ్మే ఓసెల్లారిస్ క్లౌన్ ఫిష్ సముద్రంలో బబుల్ టిప్‌లో ఉండేదే కాదు. ట్యాంకులో మాత్రం చాలాసార్లు చేరుతుంది, ఒక్కోసారి నెలలు గడిచినా చేరదు. మెరూన్ క్లౌన్‌కి సముద్రంలో బబుల్ టిప్ ఒక్కటే ఇల్లు, కానీ అది పెద్దదై కొట్లాటకి దిగే చేప. నాలుగు సెంటీమీటర్ల చిన్న ఎనిమోన్‌ని క్లౌన్ జంట రోజంతా రుద్ది అలసగొట్టి చంపినా ఆశ్చర్యం లేదు. ఎనిమోన్ కనీసం చేపకి రెండింతలు అయ్యాకే జంటని వెయ్యండి. చేపలు హేచరీలో పుట్టినవి అడగండి, మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) క్లౌన్ ఫిష్‌ని పొదిగించి పెంచే పద్ధతులు అభివృద్ధి చేసింది.

అపోహ: పెట్టిన చోట ఉంటుంది.

ఉండదు. పాదం దూర్చుకోవడానికి లోతైన సందు, తల మీద వెలుతురు, మధ్యరకం నీటి ఒరవడి, ఈ మూడూ కలిసే చోటు దొరికేదాకా నడుస్తూనే ఉంటుంది. ఆ నడకలో పంపు నోట్లో పడి ముక్కలైతే ఆ ముక్కలు, వాటిలోంచి వచ్చే కుట్టే కణాలు, కుళ్లు కలిసి ఒక్కరాత్రిలో చేపల్ని కూడా తీసుకుపోతాయి. చిన్న ట్యాంకులో జరిగే అతి ఘోరమైన ప్రమాదం ఇదే. గంటకి 1200 నుంచి 1600 లీటర్లు తోసే పంపు ఈ ట్యాంకుకి చాలు, దాని చుట్టూ ముతక స్పాంజి తొడుగు, హీటరుకి ప్లాస్టిక్ గార్డు ఎనిమోన్ రాకముందే బిగించండి. స్పాంజిని వారానికోసారి కడక్కపోతే పంపు ఒరవడి తగ్గిపోతుంది. ఎనిమోన్ వేసిన మొదటి రెండు రాత్రులు పెద్ద పంపు ఆపి, ఎయిర్ పంపుతో నడిపించండి.

ఇరవై సెంటీమీటర్ల ఎత్తులో, లోతైన బొక్క ఉన్న రాయిని ట్యాంకు మధ్యలో ఒంటరిగా పెడితే చాలాసార్లు అక్కడే స్థిరపడుతుంది. చుట్టూ ఇసుక ఉంటుంది కాబట్టి దిగి నడవడానికి అంతగా ఇష్టపడదు. నచ్చని చోట కూర్చుందని చేత్తో పీకకండి. అది అంటుకున్న రాయినే తీసి జరపండి.

అపోహ: రాయితో పాటు ఉచితంగా పిల్ల ఎనిమోన్లు వచ్చాయి.

సన్నటి గోధుమ కాండం, పారదర్శకమైన టెంటకిల్స్, తాకితే చటుక్కున లోపలికి పోవడం, ఇవన్నీ ఉంటే అది ఐప్టాసియా, కలుపు మొక్కలాంటిది. కత్తిరిస్తే మిగిలిన ప్రతి ముక్కా ఇంకో ఐప్టాసియా అవుతుంది. అక్వేరియం కాల్షియం హైడ్రాక్సైడ్‌ని చిక్కటి ముద్దగా కలిపి, పంపు ఆపి, సిరంజితో దాని నోటి మీద పెట్టాలి. రోజుకి రెండు మూడింటికి మించితే పీహెచ్ ఎగిరిపోతుంది.

అపోహ: చచ్చిందో లేదో తెలియదు, ఇంకో రెండు రోజులు చూద్దాం.

నోరు తెరుచుకుని లోపలి భాగాలు బయటికి వేలాడుతూ, ఒళ్లు జారిపోతుంటే గ్లవ్ వేసుకుని నీటిలోంచి కొంచెం పైకి తీసి వాసన చూడండి. కుళ్లు వాసన ఉంటే తిరిగి నీళ్లలో పెట్టకండి. వెంటనే 25 లీటర్లు మార్చి, 100 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, ఆ రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి అమ్మోనియా పరీక్షించండి.