క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర డొమైన్ గోడలు: అపోహలు, వాస్తవాలు

అయస్కాంతాన్ని బాగా వేడిచేస్తే ఏమవుతుందని అడగండి. క్యూరీ ఉష్ణోగ్రత దాటగానే అయస్కాంతత్వం పోతుందని చాలామంది చెబుతారు. ఆ మాట నిజమే. కానీ ఆ గీత దాటకముందే పదార్థం లోపల ఎంతో జరిగిపోతుంది. అందులో చాలావరకు డొమైన్ల (లోపల ఒకే దిశలో అయస్కాంతమై ఉన్న చిన్న ప్రాంతాల) మధ్య సరిహద్దుల్లో, అంటే డొమైన్ గోడల్లో జరుగుతుంది. పదార్థాలను కొలిమిలో పెట్టి అయస్కాంత ధర్మాలను కొలిచే మాకు ఈ అపోహలు తరచూ ఎదురవుతుంటాయి.

అపోహ: క్యూరీ ఉష్ణోగ్రత వరకూ అయస్కాంతానికి ప్రమాదం లేదు.

వాస్తవం: నియోడిమియం అయస్కాంతాల క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 310 డిగ్రీల సెల్సియస్. అయినా సాధారణ రకాలను 80 డిగ్రీలు దాటనివ్వకూడదు. వేడెక్కితే, ఎదురు అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకునే శక్తి త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు అయస్కాంతం సొంత క్షేత్రమే దానికి చేటు చేస్తుంది. వ్యతిరేక దిశలో డొమైన్లు పుట్టి, వాటి గోడలు విస్తరిస్తాయి. చల్లార్చినంత మాత్రాన ఆ నష్టం పూడదు.

అపోహ: వేడెక్కే కొద్దీ ఇనుము క్షేత్రానికి స్పందించడం తగ్గుతూ పోతుంది.

వాస్తవం: బలమైన క్షేత్రంలో అంతే. బలహీన క్షేత్రంలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇనుము క్యూరీ ఉష్ణోగ్రత 770 డిగ్రీలు. దానికి కాస్త దిగువన పెర్మియబిలిటీ (క్షేత్రానికి పదార్థం ఎంత సులువుగా స్పందిస్తుందో చెప్పే కొలత) ఒక్కసారిగా ఎగసి, ఆ వెంటనే కుప్పకూలుతుంది. 1889లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హాప్కిన్సన్ దీన్ని వివరంగా నమోదు చేశారు.

ఎందుకిలా? స్పిన్లను, అంటే పరమాణువుల్లోని సూక్ష్మ అయస్కాంతాలను, స్ఫటికంలోని ఒక అక్షానికి కట్టిపడేసే శక్తిని అనైసోట్రపీ అంటాం. ఉష్ణోగ్రత పెరిగితే అది అయస్కాంతీకరణ (పదార్థం ఏ దిశలో, ఎంత బలంగా అయస్కాంతమై ఉందో చెప్పేది) కన్నా వేగంగా తరిగిపోతుంది. దాంతో గోడ శక్తి పడిపోతుంది, లోపాల దగ్గర గోడకు పట్టు సడలుతుంది. అయస్కాంతీకరణ ఇంకా కొంత మిగిలే ఉంటుంది కాబట్టి, చిన్న క్షేత్రం తగిలినా గోడ చాలా దూరం కదులుతుంది. ఫెర్రైట్ వలయానికి రెండు తీగచుట్లు చుట్టి వేడిచేస్తే ఈ శిఖరం స్పష్టంగా కనబడుతుంది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరూ ముందుగా ఈ ప్రయోగం చేయాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: గోడలో స్పిన్లు ఎప్పుడూ మెల్లగా తిరుగుతూనే దిశ మార్చుకుంటాయి.

వాస్తవం: 1932లో భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాక్ వివరించిన గోడ అలాంటిదే. దాని ఒక అంచు నుంచి మరో అంచుకు దిశ మారుతుంది, పరిమాణం మారదు. క్యూరీ ఉష్ణోగ్రతకు బాగా దగ్గరైతే ఇది నిలవదని 1963లో సోవియట్ శాస్త్రవేత్తలు బులయెవ్‌స్కీ, గింజ్‌బర్గ్ సిద్ధాంతపరంగా చూపారు. అక్కడ గోడ మధ్యలో అయస్కాంతీకరణ తిరిగే బదులు క్షీణించి, సున్నా అయి, అవతలివైపు వ్యతిరేక దిశలో పెరుగుతుంది. గోడ నడుమ ఒక పలుచని పొర, మిగతా పదార్థం కన్నా ముందే క్రమాన్ని కోల్పోతుందన్నమాట. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా తోచే ఫలితం ఇదే.

అపోహ: చల్లారిస్తే మళ్లీ పాత అయస్కాంతమే.

వాస్తవం: డొమైన్లు తిరిగి ఏర్పడతాయి గానీ, బయటి క్షేత్రం లేకపోతే ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకుంటాయి.

అపోహ: మైక్రోస్కోపులో గోడలు మాయమైతే క్యూరీ ఉష్ణోగ్రత వచ్చేసినట్టే.

వాస్తవం: ఉపరితలం నుంచి పరావర్తనమైన ధ్రువిత కాంతితో డొమైన్లను చూపే కెర్ మైక్రోస్కోపులో నలుపు తెలుపుల తేడా అయస్కాంతీకరణను బట్టి ఉంటుంది. అది తగ్గితే, గోడలు ఉన్నా చిత్రం వెలిసిపోతుంది. నేపథ్య చిత్రాన్ని తీసివేసి, అనేక చిత్రాల సగటు తీస్తే అవి మళ్లీ బయటపడవచ్చు. కంటికి కనబడనంత మాత్రాన ఆ ఉష్ణోగ్రతను క్యూరీ ఉష్ణోగ్రతగా రాసుకోకండి. పెర్మియబిలిటీ కొలతతో సరిచూడండి.