ఎఖాద్, యాఖీద్: ఒక చిన్న మాట చుట్టూ అల్లుకున్న అపోహలు

హీబ్రూ నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ద్వితీయోపదేశకాండము 6:4తోనే మొదలుపెడతారు. తెలుగు బైబిలులో అది ‘ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా’. హీబ్రూలో ఆ వచనంలోని చివరి మాట ‘ఎఖాద్’ గురించి అప్పటికే ఎక్కడో ఏదో విని ఉంటారు.

అపోహ: ఎఖాద్ అంటే అనేకం కలిసి ఏర్పడిన ఒకటి, కాబట్టి అది త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే క్రైస్తవ నమ్మకానికి) రుజువు.

వాస్తవం: ఎఖాద్ అంటే ‘ఒకటి’, అంతే. అంగడిలో లెక్కపెట్టే అంకె అదే. భార్యాభర్తలు ఏకశరీరం కావడాన్ని (ఆదికాండము 2:24), ఎష్కోలు లోయలో కోసిన ద్రాక్షగెలను (సంఖ్యాకాండము 13:23) సాక్ష్యంగా చూపుతుంటారు. మనం ‘ఒక అరటి గెల’ అంటాం. అందులో నూరు కాయలుంటే ఆ నూరూ ‘గెల’ అనే మాటలో ఉన్నాయి, ‘ఒక’లో లేవు. ప్రసంగి 4:8లో కొడుకు, సోదరుడు కూడా లేని ఒంటరి మనిషి ఉన్నాడు. అతనికీ ఎఖాద్ అనే మాటే వాడారు. యెహెజ్కేలు 33:24లో అబ్రాహామూ ఎఖాదే.

దీన్ని పట్టుకొని త్రిత్వ సిద్ధాంతం కూలిపోయిందని వాదించేవారూ ఉన్నారు. అదీ తొందరపాటే. ఒక అంకె ఏ సిద్ధాంతాన్నీ నిలబెట్టదు, పడగొట్టదు.

అపోహ: విభజనకు వీల్లేని ఒకటిని చెప్పడానికే హీబ్రూలో ‘యాఖీద్’ ఉంది.

వాస్తవం: స్త్రీలింగ రూపాలతో కలిపి ఈ మాట హీబ్రూ బైబిలులో 12 సార్లే కనిపిస్తుంది. ఎక్కువగా కన్నబిడ్డ గురించే. మన ‘ఒక్కగానొక్క’ దీనికి చాలా దగ్గర. యెఫ్తా కుమార్తె అలాంటిదే. ఆమోసు 8:10లోని దుఃఖమూ ఒక్కగానొక్క బిడ్డ పోయిన దుఃఖమే. ఆదికాండము 22:2లో అబ్రాహాము కొడుకు ఇస్సాకును యాఖీద్ అన్నప్పటికి అతని మరో కొడుకు ఇష్మాయేలు బతికే ఉన్నాడు! లెక్క ప్రకారం ఇద్దరు కొడుకులు. గ్రీకులోకి అనువదించిన ప్రాచీనులు అక్కడ ‘ప్రియమైన’ అని రాశారు. ఆ తండ్రి గుండెను వాళ్లు సరిగ్గా విన్నారని నా నమ్మకం.

అపోహ: యూదు పండితుడు మైమోనిడీస్ 12వ శతాబ్దంలో ఎఖాద్‌ను తీసేసి యాఖీద్ పెట్టాడు.

వాస్తవం: యూదు విశ్వాసపు పదమూడు సూత్రాలను ఆయన అరబ్బీలో రాశాడు. యాఖీద్ అనే మాట ప్రార్థన పుస్తకాల్లోని తర్వాతి హీబ్రూ సంక్షిప్త రూపంలోది. ఆయనే హీబ్రూలో రాసిన యూదు ధర్మశాస్త్ర గ్రంథం ‘మిష్నే తోరా’ తొలి అధ్యాయంలో దేవుణ్ణి ఎఖాద్ అనే అన్నాడు.

అపోహ: తెలుగు బైబిలులోని ‘అద్వితీయుడు’ మూలంలో లేని భావం.

వాస్తవం: ద్వితీయోపదేశకాండము 6:4లో ‘ఇశ్రాయేలూ వినుము’ తర్వాత మూలంలో నాలుగే మాటలు, క్రియాపదం లేదు. ‘యెహోవా ఒక్కడు’ అనీ, ‘యెహోవా మాత్రమే’ అనీ చదవవచ్చు. ‘అద్వితీయుడు’ రెండో అర్థానికి దగ్గర. ప్రసంగి 4:8లోని ఒంటరి మనిషి దగ్గర హీబ్రూ చెప్పేదీ అదే: ‘ఒకడున్నాడు, రెండోవాడు లేడు.’

తోరా (మోషే ఐదు కాండాల) చుట్టల్లో ద్వితీయోపదేశకాండము 6:4లోని ఎఖాద్ చివరి అక్షరం దాలెత్‌ను పెద్దగా రాస్తారు. దాన్ని పొరపాటున దానిలాగే కనిపించే రేష్ అక్షరంగా చదివితే మాట ‘అఖేర్’ అవుతుంది. అంటే ‘మరొకడు’.